సోడాలు అమ్మి పళ్ళ కాలేజీ నడిపిన డాక్టర్ అహ్మద్

1920 ప్రాంతంలో కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం వెలిసింది. అమెరికా నగరాల్లో వీధి వీధినా ఉండే తరహా దుకాణం అది. ఐస్‌క్రీము, తియ్యటి సోడాలు అక్కడి సరుకు. యజమాని మాత్రం పళ్ళ డాక్టరు. నోట్లోని క్రిములు తీపిని పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పన్నును తినేస్తుందనీ అప్పటికే దంతవైద్యులకు తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. కానీ ఆయన కొత్తగా పెట్టిన కాలేజీకి సర్కారు సొమ్ము లేదు, జమీందారు దానమూ లేదు. సోడాలు అమ్మగా వచ్చిన డబ్బే దానికి ఆధారం. పళ్ళు పాడుచేసే సరుకు అమ్మి పళ్ళు బాగుచేసే చదువు చెప్పించడం మన దేశంలో దంతవైద్యానికి దొరికిన తొలి పెట్టుబడి.

ఆయన పేరు రఫీయుద్దీన్ అహ్మద్. భారతదేశంలో ఆధునిక దంతవైద్యానికి ఆద్యుడని ఆయన్ని చెప్పుకుంటారు. ఆయన పుట్టిన డిసెంబరు 24ను జాతీయ దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు. ఈ గౌరవంలో ఆలోచించదగిన సంగతి ఒకటుంది. ఆయన పేరు మీద కొత్త మందు లేదు, పరికరం లేదు, సిద్ధాంతమూ లేదు. పన్ను పూడ్చే విద్యలో ఆయన చెప్పిన పాఠాలన్నీ అంతకుముందు అమెరికాలో తయారైనవే. అలాంటి మనిషిని ఒక వృత్తికి ఆద్యుడని ఎందుకు అంటున్నాం? వృత్తికి కర్త అంటే ఎవరు? ఆయన జీవితం చూస్తే ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరుకుతుంది. ఆ జవాబు కొందరికి మేలు చేసింది, కొందరికి కష్టం తెచ్చింది.

పీకడమే వైద్యం

కలకత్తాకు పడమరగా సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ ఉంది. ఉత్తరాంధ్ర వాళ్ళకు ఈ ఊరిని పరిచయం చేయనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షన్ కట్టి వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వేలమంది పనికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. గుళ్ళు కట్టుకున్నారు, బడులు పెట్టుకున్నారు. 1927-28లో ఆ రైల్వేలో జరిగిన కార్మిక పోరాటాలకు నాయకత్వం వహించిన వి.వి. గిరి కూడా తెలుగు కుటుంబంలో పుట్టినవారే. పశ్చిమ మెదినీపూర్ జిల్లాలో ఉన్నా ఖరగ్‌పూర్‌లో తెలుగు పరాయి భాష కాదు.

అలాంటి ఊళ్ళో ఆ రోజుల్లో ఒక ఫిట్టరుకో ఫైర్‌మన్‌కో పన్ను పోటు పెడితే ఏం చేసేవాడు? మన దేశంలో ఏ పట్నంలోనైనా అందరూ చేసిందే. ముందు ఉప్పునీళ్ళు, తర్వాత లవంగ నూనె, మరీ ఓర్చుకోలేకపోతే పొగాకు. దానికీ లొంగకపోతే సంతలోనో రోడ్డు పక్కనో గుడ్డ పరుచుకుని, పట్టకార్లు, పీకిన పళ్ళ కుప్ప ముందు పెట్టుకుని కూర్చునే మనిషి దగ్గరికి పోవడం. కొన్నిచోట్ల మంగలే ఆ పని చేసేవాడు. పెద్ద ఆసుపత్రికి పోయినా అక్కడి డాక్టరు చేసేదీ పీకడమే. మెడికల్ కాలేజీల్లో దంతవైద్యం ప్రత్యేక చదువుగా లేదు. పిప్పిపన్ను అంటే పోయిన పన్నే అని జనమూ అనుకునేవారు, వైద్యులూ అనుకునేవారు.

పుచ్చిన పన్నును పీకకుండా, పుచ్చిన మేరకు తొలిచి, శుభ్రం చేసి, లోహంతో పూడ్చి మళ్ళీ నమలడానికి పనికొచ్చేలా నిలబెట్టవచ్చన్న మాట కలకత్తాలో యూరోపియన్ దొరలకు, కొద్దిమంది ధనికులకు మాత్రమే అనుభవంలో ఉండేది. విదేశాల్లో చదివి వచ్చి దుకాణం తెరిచిన ఒకరిద్దరు దంతవైద్యులు వాళ్ళకు చాలు. ఆ చదువును ఇక్కడే చెప్పాలన్న ఆలోచన ఎవరికీ తట్టకపోవడంలో వింతేమీ లేదు. డాక్టర్లకే తోచలేదు.

ఢాకా నుంచి అయోవా

రఫీయుద్దీన్ అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో, ఢాకా ప్రాంతంలోని బర్ధన్‌పాడా అనే ఊళ్ళో పుట్టారు. ఢాకాలో మదరసా చదువు, తర్వాత అలీగఢ్. 1908లో అక్కడ పట్టా పుచ్చుకుని ఆ మరుసటి ఏడే అమెరికా ప్రయాణమయ్యారు.

ఆ కాలపు బెంగాలీ యువకుడు సముద్రం దాటితే లండన్ వెళ్ళేవాడు. బారిస్టరో ఐ.సి.ఎస్. ఉద్యోగో అయి తిరిగొచ్చేవాడు. అహ్మద్ అటు పోలేదు. అమెరికా మధ్యభాగంలో, మొక్కజొన్న చేల నడుమ ఉన్న అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివారు. దంతవైద్యం వరకు అది సరైన దేశమే. ప్రపంచంలో తొలి డెంటల్ కాలేజీ 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టింది. మెడికల్ కాలేజీలు తమలో చేర్చుకోకపోవడంతో దంతవైద్యులు అక్కడ విడిగా కాలేజీ పెట్టుకున్నారు, విడిగా పత్రికలు పెట్టుకున్నారు, విడిగా సంఘం కట్టుకున్నారు. కాలేజీ, పత్రిక, సంఘం అనే ఈ మూడింటి వరస గుర్తు పెట్టుకోదగ్గది. అహ్మద్ తర్వాత కలకత్తాలో దాదాపు ఇదే వరసలో నడిచారు.

1915లో ఆయన చేతికి డెంటల్ డాక్టరేట్ వచ్చింది. తర్వాత 1918 దాకా బోస్టన్‌లో ఫోర్సిత్ పిల్లల దంతవైద్యశాలలో పనిచేశారు. రబ్బరు వ్యాపారంలో గడించిన ఫోర్సిత్ కుటుంబం సొమ్ముతో అప్పుడే కొత్తగా తెరిచిన సంస్థ అది. పేదింటి పిల్లల పళ్ళు చూడటం దాని పని. అహ్మద్ అక్కడ చూసింది వేరు వేరు డాక్టర్ల ప్రతిభను కాదు. వరసగా కుర్చీలు, వరసగా పిల్లలు, అందరికీ ఒకే పద్ధతిలో వైద్యం. ఒక డాక్టరు సెలవు పెట్టినా ఆగని పని. 1919లో ఆయన ఇండియాకు తిరిగి వచ్చారు.

పన్ను పూడ్చడంలో ఉన్న విద్య

ఆయన వెంట తెచ్చుకున్న విద్య ఎలాంటిదో కొంచెం చెప్పాలి. పుచ్చిన భాగం గీకి ఏదో ఒకటి కూరితే పన్ను నిలవదు. ఆరు నెలలకు పూడిక ఊడిపోతుంది, లేదా దాని అంచున మళ్ళీ పుచ్చు మొదలవుతుంది. తొలిచే గుంతకు లెక్క ఉంది. గోడలు ఎంత నిటారుగా ఉండాలి, అడుగు ఎంత చదునుగా ఉండాలి, పైమూత కన్నా లోపల కొంచెం వెడల్పు ఎంత ఉంటే లోహం జారిపోకుండా పట్టుకుంటుంది, ఎంత లోతుకు పోతే నరం తగులుతుంది అనేవి కంటితో, వేలితో నేర్చుకోవాల్సినవి. వడ్రంగి గుంత తీసి కూసం బిగించే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే ఇక్కడ చెక్కకు ప్రాణం ఉంది, పని చేసేది తడి నోట్లో, వెలుగు సరిగా పడనిచోట.

ఈ లెక్కలకు ఒక క్రమం తెచ్చినవాడు అమెరికాలోని గ్రీన్ వార్డిమన్ బ్లాక్. పళ్ళ పుచ్చు ఏ పంటి మీద ఎక్కడ వస్తుందో చూసి తరగతులుగా విడగొట్టాడు. వెండి, తగరం, రాగి పొడికి పాదరసం కలిపి చేసే పూడిక ముద్ద గట్టిపడ్డాక వ్యాకోచించకుండా, కుంచించుకుపోకుండా పాళ్ళు కుదిర్చాడు. 1908లో రెండు సంపుటాల పెద్ద గ్రంథం రాశాడు. అహ్మద్ పట్టా పుచ్చుకున్న 1915లోనే ఆయన చనిపోయాడు. ఆ తరం అమెరికన్ విద్యార్థులంతా బ్లాక్ నీడలో చదివినవాళ్ళే.

పరికరాలు కూడా ఇప్పటివి కావు. కుట్టుమిషన్‌లా కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు 1870ల నుంచి వాడుకలో ఉంది. కరెంటు ఉన్నచోట కరెంటు డ్రిల్లు. నిమిషానికి లక్షల చుట్లు తిరిగే గాలి టర్బైను 1950ల చివర్లో గాని రాలేదు. అంతవరకు పన్ను తొలవడం అంటే రోగికి చెవుల్లో గరగర, డాక్టరుకు పిక్కల్లో నొప్పి.

ఈ పనికి ఇంకో గుణం ఉంది. బాగా చేసిన పూడిక మీద చేసినవాడి గుర్తు ఉండదు. నాలుకకు తగిలితే పని బాగాలేదన్నమాట. పన్ను మొదట ఎలా ఉండేదో అలా కనిపించాలి, కరిచినప్పుడు పై పన్ను కింది పన్ను ఎప్పటిలా కలవాలి. శిల్పి తన పని చూపించుకుంటాడు, దర్జీ కూడా చూపించుకుంటాడు. పూడిక వేసిన డాక్టరు విజయం రోగి ఆయన్ని మరిచిపోవడంలో ఉంది. కర్తృత్వం గురించి ఆలోచించేవాళ్ళకు ఇంతకన్నా చిత్రమైన వృత్తి దొరకదు.

పదకొండు మంది

1920లో కలకత్తాలో అహ్మద్ పెట్టినది దేశంలో తొలి డెంటల్ కాలేజీ. సోడా దుకాణం కథ ఇక్కడిది. పెట్టడం ఒక ఎత్తు, విద్యార్థులను రప్పించడం ఇంకో ఎత్తు. 1923 నాటికి చేరినవాళ్ళు పదకొండు మంది. మూడేళ్ళలో పదకొండు మంది అంటే ఆ చదువును లోకం ఎలా చూసిందో అర్థమవుతుంది. కొడుకును డాక్టరు చదివించే స్తోమత ఉన్న తండ్రి వాణ్ణి మెడికల్ కాలేజీకి పంపుతాడు గాని, రోడ్డు పక్క మనిషి పట్టకారుతో చేసే పనికి కాలేజీ చదువు దేనికని అడుగుతాడు. అలా అడగడంలో తప్పు లేదు. ఆ తేడా చూపించే డాక్టర్లు ఊళ్ళో ఉంటేగా తెలిసేది?

ఆ తొలి ఏళ్ళలో కలకత్తా వచ్చి దంతవైద్యం చదివినవాళ్ళలో ఫాతిమా జిన్నా ఒకరు. మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు. 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచారు. ఒక ముస్లిం యువతి చదువుకుని, తన పేరుతో బోర్డు పెట్టుకుని వైద్యం చేయడం ఆనాటి బొంబాయిలో కూడా మామూలు సంగతి కాదు. 1929లో జిన్నా భార్య చనిపోయాక ఆమె క్లినిక్ మూసి అన్నగారి ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాతి కథ దంతవైద్యానిది కాదు, ఉపఖండం చరిత్రది.

అహ్మద్ 1950 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు. దేశంలో మరో చోట ఇలాంటి కాలేజీ లేచి నిలబడటానికి పదేళ్ళకు పైగా పట్టింది. 1930ల్లో బొంబాయిలో నాయర్ కాలేజీ, లాహోర్‌లో ఇంకొకటి వచ్చాయి. హైదరాబాద్‌లో ప్రభుత్వ దంతవైద్య విద్య 1959లో ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా మొదలైంది. అంటే నాలుగు దశాబ్దాల దూరం. ఆ దూరాన్ని ఆయన గొప్పతనానికి కొలతగా చెప్పుకోవడం కన్నా మన ప్రభుత్వాల నిర్లక్ష్యానికి కొలతగా చెప్పుకోవడమే న్యాయం.

పుస్తకం ఎవరిది?

1925లో ఆయన దంతవైద్య పత్రిక మొదలుపెట్టి 1946 దాకా సంపాదకత్వం వహించారు. అదే 1925లో బెంగాల్ దంతవైద్యుల సంఘం ఏర్పడింది. నేటి ఇండియన్ డెంటల్ అసోసియేషన్ వంశవృక్షానికి అదే మొదలు. 1928లో విద్యార్థుల కోసం ఆపరేటివ్ డెంటిస్ట్రీ చేతిపుస్తకం వేశారు. ఆపరేటివ్ డెంటిస్ట్రీ అంటే పైన చెప్పిన పన్ను తొలిచి పూడ్చి నిలబెట్టే విద్యే. ఈ రంగంలో మన దేశంలో విద్యార్థులకోసం వచ్చిన తొలి పుస్తకంగా దాన్ని లెక్కిస్తారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అందులోని విద్య ఆయన సొంతం కాదు. అలాంటప్పుడు ఆయన్ని గ్రంథకర్త అనవచ్చా?

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. భారత కథ నన్నయది కాదు. అయినా మనం ఆయన్ని అనువాదకుడని వదిలేయలేదు, ఆదికవి అన్నాం. విరాటపర్వం నుంచి తిక్కన, మిగిలిన ముక్క ఎర్రన పూర్తిచేస్తే ముగ్గురినీ కలిపి కవిత్రయం అన్నాం. వైద్యశాస్త్రంలో అయితే ఒక్క కర్త దొరకడమే కష్టం. చరక సంహిత సంగతే తీసుకోండి. ఆత్రేయుడు చెప్పాడంటారు, అగ్నివేశుడు గ్రంథస్థం చేశాడంటారు, చరకుడు సంస్కరించాడంటారు, లోపించిన భాగాలను దృఢబలుడు పూరించాడంటారు. నలుగురి చేతులు పడ్డ పుస్తకం ఒకరి పేరుతో నిలిచింది. పాడైన గ్రంథాన్ని పూరించడమూ, పాడైన పన్నును పూడ్చడమూ ఒక తీరు పనులే అని దృఢబలుణ్ణి చూస్తే అనిపిస్తుంది.

అహ్మద్ చనిపోయిన కొన్నేళ్ళకు ఫ్రాన్స్‌లో ఈ విషయం మీద పెద్ద చర్చ నడిచింది. రచన బయటికి వచ్చాక రచయిత ఉద్దేశానికి దాని మీద పెత్తనం లేదని రోలాఁ బార్త్ 1960ల చివర్లో వాదించాడు. 1969లో మిషెల్ ఫూకో ఒక ప్రసంగంలో ఇంకో దారిన వెళ్ళాడు. అసలు కర్త పేరు ఏ కాలంలో ఏ పని చేస్తుందో చూడమన్నాడు. మధ్యయుగాల్లో వైద్య విషయం నమ్మాలంటే హిప్పోక్రటీస్ లాంటి పేరు ఉండాలి. ఆధునిక శాస్త్రంలో ఎవరు చెప్పారన్నది పక్కకు పోయి, మళ్ళీ చేసి చూస్తే నిలుస్తుందా లేదా అన్నది ముందుకు వచ్చింది. ఇంకో రకం కర్తలు కూడా ఉన్నారన్నాడు. వాళ్ళు రాసిన పుస్తకాలకన్నా, వాళ్ళ తర్వాత ఇతరులు రాయగలగడానికి, వాదించగలగడానికి వాళ్ళు పరిచిన దారి పెద్దది. ఫూకో మనసులో ఉన్నది మార్క్స్, ఫ్రాయిడ్ లాంటి మహా పేర్లు. కలకత్తా పళ్ళ డాక్టరును ఆ పంక్తిలో కూర్చోబెట్టడం అతిశయోక్తే. కానీ ఆ కొలబద్ద చిన్న మనుషులకూ పనికొస్తుంది.

ఆ కొలతతో చూస్తే 1928 నాటి చేతిపుస్తకం కన్నా 1925 నాటి పత్రిక ముఖ్యమైనది. చేతిపుస్తకం ఆయన చెప్పింది. పత్రికలో ఇతరులు చెప్పగలిగారు. అంతవరకు పళ్ళు పీకే విద్య ఉస్తాదు నుంచి శిష్యుడికి చెవిలో చెప్పే రహస్యం. మందు పేరు బయటపెడితే బేరం పోతుంది. ఏ పన్ను ఎలా చెడింది, ఏ పూడిక ఎందుకు ఊడింది అని పేరు పెట్టి అచ్చు వేయడం మొదలైతే ఆ రహస్యానికి కాలం చెల్లుతుంది. తప్పు చేసినవాణ్ణి ఇంకొకడు దిద్దగలడు. ఇరవయ్యొక్క ఏళ్ళు సంపాదకుడిగా ఉండటం అంటే ఇతరుల రాతలు దిద్దుతూ తన పేరును చివరి పేజీలో దాచుకోవడం. పూడిక వేసేవాడి స్వభావానికి నప్పే పని.

పుస్తకాల ఆయుష్షు తక్కువ. బ్లాక్ కాలంలో పుచ్చు లేని భాగాన్ని కూడా ముందు జాగ్రత్తగా తొలిచి పూడ్చమనేవారు. 1950ల తర్వాత పంటికి అతుక్కునే జిగురు పదార్థాలు రావడంతో వీలైనంత తక్కువ తొలవడం నియమం అయింది. పాదరసం కలిసిన పూడికను తగ్గించాలని 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో దేశాలు ఒప్పుకున్నాయి. 1928లో కలకత్తా విద్యార్థి నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఇప్పుడు పన్ను తొలిస్తే పరీక్షలో మార్కులు రావు.

చట్టం రాసిన చెయ్యి

కాలేజీ, పత్రిక, సంఘం అయ్యాయి. మిగిలింది చట్టం. అహ్మద్ 1930ల్లో కలకత్తా కార్పొరేషన్ కౌన్సిలరుగా, తర్వాత ఆల్డర్‌మన్‌గా ఉన్నారు. పాలన లోపలి దారులు ఆయనకు తెలుసు. 1939లో బెంగాల్ దంతవైద్యుల చట్టం రావడంలో ఆయన పాత్ర పెద్దది. దేశంలో ఈ తరహా చట్టాల్లో అదే మొదటిదని చెబుతారు. ఇకమీదట దంతవైద్యుడు ఎవరో చెప్పడానికి ఒక రిజిస్టరు ఉంటుంది.

ఖరగ్‌పూర్ అప్పుడు బెంగాల్ రాష్ట్రంలోని రైల్వే పట్నం కనుక అక్కడి తెలుగు కార్మికుడు ఈ చట్టం నీడలోకి వచ్చాడు. అదే రైలుమార్గంలో దక్షిణంగా పలాసలోనో సోంపేటలోనో ఉన్న అతని తమ్ముడు ఆ చట్టం పరిధిలో లేడు. అతను మద్రాసు రాష్ట్ర పౌరుడు. దేశమంతటికీ ఒకే దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. దాని వెనక కూడా అహ్మద్ కృషి ఉంది. ఆ చట్టం కిందే డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

చట్టం కాగితం మీదికి రాగానే ఖరగ్‌పూర్ సంతలో పట్టకారు మనిషి మాయమైపోలేదు. పీకించుకోవడానికి రెండణాలు ఉన్నవాడి దగ్గర పూడ్పించుకోవడానికి రూపాయలు లేవు. రైలెక్కి కలకత్తా పోవడానికి ఒక పూట కూలీ పోతుంది. ఇప్పటికీ మన బస్టాండుల దగ్గర రోడ్డు పక్క కట్టుడు పళ్ళు అమ్మేవాళ్ళు కనబడుతూనే ఉన్నారు. చట్టం చేసిన పని వాళ్ళను తీసేయడం కన్నా, వాళ్ళు దంతవైద్యులు కారని రాతపూర్వకంగా చెప్పడం.

అందులో ఒక నొప్పి ఉంది. కలకత్తాలో చైనాలోని హుబే ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా పళ్ళ వైద్యం చేసేవి. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య అది. పట్టాలు ఉండవు, చేతిపని మాత్రం చాలామందిది గట్టిది. ఊరూరా ఇలాంటివాళ్ళు ఉన్నారు. చేతివాటం ఉండి కాగితం లేనివాళ్ళను ఏం చేయాలి? 1948 చట్టం రిజిస్టరును రెండు భాగాలు చేసింది. గుర్తింపు పొందిన పట్టా ఉన్నవాళ్ళు ఎ భాగంలో. పట్టా లేకపోయినా అప్పటికి కనీసం అయిదేళ్ళుగా ఇదే బతుకుతెరువుగా ఉన్నవాళ్ళు బి భాగంలో. రాజీ మర్యాదగానే ఉంది. కానీ ఆ భాగం ఆనాటి మనుషులకోసం పెట్టింది. వాళ్ళ పిల్లలు తండ్రి దగ్గర ఎంత బాగా నేర్చుకున్నా, ఆ విద్యను చూపించి అందులో చేరే దారి లేదు. బతికి ఉన్నవాళ్ళతో మొదలై, ఒక్కొక్కరి మరణంతో తరిగిపోయే జాబితా అది.

రోగివైపు నుంచి చూస్తే అహ్మద్ చేసింది సరైనదే. కడగని పట్టకారుతో పీకిన పన్ను వెంట దవడంతా చీము పట్టి ప్రాణం మీదికి వచ్చిన కేసులు ప్రతి ఆసుపత్రికీ తెలుసు. అయినా ఒక వృత్తికి కర్త కావడం అంటే, ఎవరు అందులో ఉండాలో రాయడంతో పాటు ఎవరు ఉండకూడదో కూడా రాయడమే. ఆయన జయంతి రోజున ఈ రెండో సగాన్ని ఎవరూ తలుచుకోరు.

ఊరు పరాయి దేశమయ్యాక

1947లో బెంగాల్ చీలింది. అహ్మద్ పుట్టిన ఊరు తూర్పు పాకిస్తాన్‌లోకి పోయింది. ఢాకా వైపు ముస్లిం కుటుంబంలో పుట్టి, అలీగఢ్‌లో చదివి, జిన్నా చెల్లెలికి దంతవైద్యం నేర్పిన కాలేజీకి పెద్దగా ఉన్న మనిషి అటు పోతాడనే చాలామంది అనుకుని ఉండవచ్చు. ఆయన కలకత్తాలోనే ఉండిపోయారు. 1949లో, తాను సోడాలు అమ్మి నిలబెట్టిన కాలేజీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి దానంగా ఇచ్చేశారు.

ఆ దానంలో త్యాగంతో పాటు తెలివి కూడా ఉంది. ఒక మనిషి కష్టంతో నడిచే కాలేజీ ఆ మనిషితోనే పోతుంది. బోస్టన్‌లో ఆయన చూసిన సంస్థ పాఠం అదే కదా. కాలేజీ ఇక ఆయనది కాదు కనుకే అది మిగిలింది.

1950లో డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో చేరి 1962 దాకా కొనసాగారు. రాయ్ ముఖ్యమంత్రిగా ఉంటూనే ఉదయం పూట రోగులను చూసిన వైద్యుడు. ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీలో, బ్రిటిష్‌వాళ్ళు స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన శిబిరంలో దేశపు తొలి ఐఐటీ 1951లో మొదలు కావడం వెనక ఉన్నదీ ఆయనే. అహ్మద్‌కు వ్యవసాయం, సమాజ వికాసం, సహకారం, సహాయ పునరావాసం లాంటి శాఖలు దక్కాయి. చివరిదాన్ని గమనించండి. తూర్పు బెంగాల్ నుంచి వేలకు వేలు శరణార్థులు సియాల్దా స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారాల మీదే కాపురాలు పెట్టిన కాలం అది. వాళ్ళలో ఎక్కువమంది హిందువులు. వదిలి వచ్చింది ఆయన పుట్టిన గడ్డ. వాళ్ళకు నీడ చూపే బాధ్యత ఉన్న మంత్రుల్లో ఒకరు అక్కడి ముస్లిం. పునరావాసం విషయంలో ఆ ప్రభుత్వం మీద విమర్శలు చాలా ఉన్నాయి, అవి న్యాయమైనవి కూడా. అయితే ఆ కుర్చీలో ఆయన కూర్చుని ఉండటం ఆ విమర్శల్లో పడి మరుగున పోకూడని విషయం.

1964లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 1965 జనవరి మొదట్లో, సరిహద్దు అవతల, ఆయన కాలేజీ తొలి తరం దంతవైద్యురాలు ఫాతిమా జిన్నా సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ మీద పాకిస్తాన్ అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయారు. ఆ మరుసటి నెల, ఫిబ్రవరి 9న అహ్మద్ కన్నుమూశారు.

కాలేజీ పేరు ఇప్పుడు డాక్టర్ ఆర్. అహ్మద్ డెంటల్ కాలేజీ అండ్ హాస్పిటల్. ఇచ్చేసినదాని మీదికే ఆయన పేరు తిరిగి వచ్చింది. అది ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డు మీద, సియాల్దాకు దగ్గర్లో ఉంది. ఖరగ్‌పూర్‌లో లోకల్ ఎక్కినవాళ్ళు హౌరాలో దిగి, వంతెన దాటే సిటీ బస్సు పట్టుకుంటే అక్కడికి చేరుకోవచ్చు.